బావమరిది పట్టిన తాడు

రేవులో అందరికీ అతను తాడు మావయ్య. నిజానికి అతనికి ఉన్నది ఒక్కతే మేనకోడలు. ఆ పిల్ల చిన్నప్పుడు గట్టు మీద నిలబడి "మావయ్యా" అని గొంతు చించుకుని పిలిచేది. విన్నవాళ్ళంతా ఆ పిలుపే అందుకున్నారు, వయసులో అతనికంటే పెద్దవాళ్ళతో సహా. మనిషి పీలగా ఉండేవాడు. చేతులు మాత్రం ఎవరో భారీ మనిషివి తెచ్చి తగిలించినట్టు ఉండేవి. బుద్ధెరిగినప్పటినుంచీ పడవల్లోనే బతికినా ఈత రాదు. ఎవరైనా ఎగతాళి చేస్తే, "నీళ్ళలో దిగడానికి మా బావ ఉన్నాడుగా. ఇద్దరం దిగితే పైకి లాగేదెవడు?" అనేవాడు.

చేసే పని చెప్పుకోవడానికి ఏమంత గొప్పది కాదు. మునిగిన ఓడల్లోకి దిగే బావ నడుముకి ఒక తాడు కట్టి ఉంటుంది. దాని రెండో కొస పట్టుకుని పడవలో కూర్చోవాలి. పక్కనే గాలి యంత్రం గడగడలాడుతూ రబ్బరు గొట్టంలోంచి కిందికి ఊపిరి పంపుతుంటుంది, దాని సంగతి వేరేవాళ్ళు చూసుకుంటారు. కింద కన్ను పొడుచుకున్నా ఏమీ కనిపించని బురదనీళ్ళు. దిగినవాడికి దారి ఆ తాడే. పైనున్నవాడికి కిందివాడి క్షేమసమాచారమూ ఆ తాడే. ఒక్కసారి లాగితే బాగున్నానని, ఆగి ఆగి మూడుసార్లు లాగితే పైకి తియ్యమని. తాడు చేతిలో ఉన్నంతసేపూ మావయ్య మాట్లాడడు, తినడు, మొహం మీద ఈగ వాలినా తోలుకోడు. పైకి వస్తున్నది సరుకో మనిషో, ఆ మనిషి ఉన్నాడో పోయాడో, అతని అరచేతికి ముందే తెలిసిపోయేది.

తాడు పట్టేవాడు భార్య తోడబుట్టినవాడే అయ్యుండాలని అక్కడి గజఈతగాళ్ళ పట్టుదల. ఒక ముసలి ఈతగాడు దీన్ని చాలా వివరంగా చెప్పేవాడు. "అన్నదమ్ములన్నాక ఆస్తి దగ్గర పేచీ ఉంటుంది. స్నేహితుడికి ఎక్కడో కాస్త కడుపుమంట ఉంటుంది. బావమరిది నన్ను లోపల ఎంత తిట్టుకున్నా, వాళ్ళక్క మొహం చూసైనా లాగుతాడయ్యా." మావయ్య దగ్గర ఈ మాటెత్తితే, "అదేం లేదు, బావ బరువు తక్కువ, లాగడం తేలిక" అని కొట్టిపారేసేవాడు. అబద్ధం. బావ దున్నపోతులా ఉండేవాడు.

ఆ బావని ఊరంతా నీటికాకి అనేది. ముక్కు పొడుగు, ఒంటి మీద ఎప్పుడూ తడి, మెడకి ఎప్పుడూ ఒక ఎర్ర తువ్వాలు. ముఖానికి తొడుక్కునే గాలి తొడుగు ఒరుసుకోకుండా ఆ తువ్వాలు చుట్టుకునేవాడు, ఇంట్లోనూ తీసేవాడు కాదు. నీళ్ళ అడుగున కాళ్ళు ఆనగానే తాడుని కొంటెగా రెండు చిటికెలు వేసినట్టు కదిపేవాడు. ఇది ఏ పద్ధతిలోనూ లేని సైగ. మొదటిసారి అలా కదిపినప్పుడు మావయ్య హడలిపోయి బావని ఆదరాబాదరా పైకి లాగిపారేశాడు. బావ తొడుగు తీసి, "ఒరే, అడుగుకి చేరాను, మీ అక్కని పొయ్యి వెలిగించమను అని చెబుతుంటే లాగుతావేంట్రా" అని తిట్టాడు. అక్కకి ఈ సంగతి తెలిసి పొట్ట పట్టుకుని నవ్వింది. "పొయ్యి సంగతి నేను చూసుకుంటాను గానీ తమ్ముడూ, ముందు ఆ మనిషిని కాసేపు కింద ఉండనివ్వు" అంది. ఆ తరవాత దిగిన ప్రతిసారీ ముందు ఆ రెండు చిటికెలు వచ్చేవి. అవి వచ్చేదాకా మావయ్య ఊపిరి సరిగా తీసుకునేవాడు కాదు.

రేవు ముందు నీళ్ళలో ఇసుకమేట ఒకటుంది. ఏటికేడాదీ జరుగుతూ ఉంటుంది, ఏ పటానికీ దొరకదు. దాని మీదికెక్కి నడుం విరిగిన ఓడలు కొల్లలు. అక్కడివాళ్ళు ఏళ్ళని ఓడలతోనే గుర్తు పెట్టుకుంటారు. మావయ్య పుట్టింది బొగ్గు ఓడ విరిగిన ఏడు. అక్క పెళ్ళి పంచదార ఓడ మునిగిన ఏడు. సముద్రం కూడా పెళ్ళికి తీపి పెట్టిందని చుట్టాలు ఛలోక్తులాడారు. ఆ ఓడతో పోయిన వంటవాడిని బావ బయటికి తీస్తుంటే మావయ్య తాడు నెమ్మదిగా, చాలా నెమ్మదిగా లాగాడు, పోయినవాడికి ఎక్కడ దెబ్బ తగులుతుందోనని. అతనికి అదే మొదటి శవం. ఆ రోజు ఇంటికెళ్ళి అన్నం కలిపి, తినకుండా లేచిపోయాడు. తరవాత సిమెంటు ఓడ. బస్తాలు నీళ్ళు తాగి బస్తాలంతేసి బండరాళ్ళయ్యాయి. వాటిని బయటికి లాగి రేవు గట్టుకి పేర్చారు. గోనె నేత గుర్తులు ఇప్పటికీ ఆ రాళ్ళ మీద ఉన్నాయి. పని లేనప్పుడు మావయ్య ఆ రాళ్ళ మీదే కూర్చుని తాడు చిక్కులు తీసుకుంటూ ఉండేవాడు.

ఇంత చూసినవాళ్ళకి ఆ లాంచీ సంగతి తెలిసి ఉండాల్సింది. తెలియలేదు. నాకు ఇప్పటికీ మింగుడుపడని సంగతి ఇదే.

అవతలి ఒడ్డుకి జనాన్ని దాటించే పాత లాంచీ అది. ఆ మధ్యే బావ దాని కిందికి దిగి, అడుగు చెక్కలన్నీ తట్టి చూసి, దిట్టంగా ఉందన్నాడు. తాడు పట్టింది మావయ్యే. అవతలి ఒడ్డున బట్టల మిల్లులో పనిచేసే కూతుర్ని చూడడానికి అక్క ఆ లాంచీ ఎక్కబోయి, గట్టు మీద ఆగింది. లాంచీ కిటకిటలాడుతోంది.

"బాగా నిండిపోయింది. తరవాతదానికి వెళ్తాలే" అంది.

"అడుగు నేను చూశానుగా. ఇంకో పదేళ్ళు ఢోకా లేదు. ఎక్కు" అన్నాడు బావ.

అక్క తమ్ముడి వైపు తిరిగింది. "నువ్వేమంటావురా?"

"బావ చెప్పాక ఇంకేముందక్కా" అన్నాడు మావయ్య.

ఎక్కింది. గాలి ఎక్కువగా ఉందని పైన కూర్చోకుండా కింది గదిలోకి వెళ్ళింది. లాంచీ ఇసుకమేట పక్కనుంచి పోతుంటే, కొత్తగా దాని మీదికెక్కి కూర్చున్న ఖనిజం ఓడ కనిపించింది. విరిగిన ఓడని చూడడమంటే జనానికి తిరనాళ్ళే కదా. పైకప్పు మీదున్నవాళ్ళంతా ఒక్కసారిగా ఆ పక్కకి తోసుకొచ్చారు. అడుగు దిట్టంగానే ఉంది. ఆ దిట్టమైన అడుగు ఆకాశం వైపు తిరిగి, కాసేపు అలాగే తేలి, ఆ పైన లోపలికి పోయింది. పైనున్నవాళ్ళని చేపల పడవలు చాలామటుకు ఎత్తుకున్నాయి. కింది గదిలో వాళ్ళెవరూ బయటికి రాలేదు.

అడుగు చూసే మనిషి అడుగు గురించే ఆలోచించాడు. అంతకు మించి బావ చేసిన పాపం లేదు. కానీ ఆ మాట మావయ్యకి చెప్పడం ఎవరి తరం? గోడ వైపు తిరిగి పడుకున్నాడు. "ఇక ఆ మనిషి తాడు నా చేత్తో ముట్టుకోను" అన్నాడు భార్యతో. కోపమంతా బావ మీదే అనుకున్నాడు. 'బావ చెప్పాక ఇంకేముంది' అన్న తన మాట తన చెవిలోనే రొద పెడుతుంటే, తట్టుకోలేక ఆ కోపాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున మేనకోడలు వచ్చింది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయి ఉంది.

"నాన్న లాంచీలోకి దిగుతున్నాడు మావయ్యా. రేవు పడవ సరంగు తాడు పట్టుకుంటానన్నాడు."

"పట్టుకోనీ" అన్నాడు, ఇటు తిరగకుండానే.

"తాడు పట్టడానికి నీకు ఎవరు కావాలని రేవు ఆఫీసువాళ్ళు నాన్నని అడిగారు. ఎవరైతే ఏం అన్నాడు నాన్న."

తాడులో ఒక్క పోగు లేచినా దిగనని మొరాయించే మనిషి. మావయ్యకి జ్వరమొచ్చిన రోజున, ఎంతమంది బతిమాలినా వినకుండా తొడుగు చంకన పెట్టుకుని ఇంటికి పోయిన మనిషి. ఎవరైతే ఏం అన్నాడంటే, పైకి రావాలని లేదన్నమాట. మావయ్య లేచి చొక్కా తొడుక్కున్నాడు.

పడవలో ఇద్దరూ మొహాలు చూసుకోలేదు. సరంగు కట్టిన ముడి మావయ్య విప్పి, మళ్ళీ తన పద్ధతిలో కట్టాడు. కావలసినదానికంటే గట్టిగానే బిగించాడు.

"నీ కోసం రాలేదు" అన్నాడు.

"తెలుసు" అన్నాడు బావ. తొడుగు పెట్టుకుని దిగిపోయాడు.

అడుగుకి చేరినట్టు తాడు చెప్పింది. చిటికెలు మాత్రం రాలేదు. వస్తాయని మావయ్య అనుకోలేదు, కానీ అతని వేళ్ళు ఎదురుచూశాయి. కాసేపటికి ఒక ముసలాయన పైకి వచ్చాడు, ఆయన తరవాత ఒక ఆడమనిషి. ఒక్కొక్కరితో పాటు బావ కూడా పైకొచ్చి, పడవ అంచు పట్టుకుని రెండు ఊపిర్లు తీసి మళ్ళీ దిగేవాడు. గట్టు మీద జనం. తమ మనిషిని పోల్చుకున్నవాళ్ళ ఏడుపు నీళ్ళ మీదుగా వినిపిస్తోంది. పోటు తిరిగే వేళ దగ్గరపడింది. తిరిగితే, ఒక పక్కకి ఒరిగి పడున్న లాంచీ కదులుతుంది. లోపలున్నవాడు లోపలే ఉండిపోతాడు.

"ఇదే ఆఖరు, ఇక పైకి వచ్చెయ్యమను" అన్నాడు సరంగు.

అప్పుడే తాడు ఆగి ఆగి మూడుసార్లు లాగింది. మావయ్య లాగడం మొదలుపెట్టాడు. అరచేతికి తెలిసిపోయింది. బతికున్న మనిషి బరువు కాదిది. నీళ్ళలో ముందుగా ఎర్ర తువ్వాలు కనిపించింది. బావే అనుకున్నాడు. ఇంకాస్త లాగాక తెలిసింది. తువ్వాలు ముఖం కనపడకుండా చుట్టి ఉంది. ముఖం చూడకపోయినా తోడబుట్టినదాన్ని పోల్చుకోలేనివాడెవడు? తాడు ఆవిడ నడుముకి కట్టి ఉంది, జారిపోకుండా, నొప్పి పుట్టకుండా, బావ చేతి ముడి.

సరంగు సాయం పట్టి ఆవిడని పడవలో పడుకోబెట్టాడు. మావయ్య అక్క చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఎంతసేపో అతనికి తెలియదు. ఆ పైన మెల్లగా బుర్రకెక్కింది. తాడు ఇక్కడుంది. మరి కింద ఉన్నవాడి నడుముకి ఏముంది?

నీళ్ళ మీద బుడగలు ఒకేచోట లేస్తున్నాయి. అటూ ఇటూ కదలడం లేదు.

"గొట్టం పట్టుకుని తనే వచ్చేస్తాడులే" అన్నాడు సరంగు. మాటలో నమ్మకం లేదు.

రాడని మావయ్యకి తెలుసు. రానీకు, అక్కడే ఉండనీ అని ఒక్క క్షణం అనుకున్నాడు కూడా. దాచడమెందుకు, అనుకున్నాడు. ఎవరి మొహం చూసి ఇన్నేళ్ళు ఈ తాడు పట్టాడో, ఆ మొహం తువ్వాలు కింద ఉంది. ఇక లాగడానికి కారణమేముంది? గట్టు వైపు చూశాడు. సిమెంటు బస్తాల రాళ్ళ మీద మేనకోడలు నిలబడి ఉంది. అరవడం లేదు, పిలవడం లేదు, ఊరికే నిలబడి ఉంది.

అక్క నడుముకున్న ముడి విప్పడం మొదలుపెట్టాడు. "ఒక్క నిమిషం అక్కా" అన్నాడు పైకే. విప్పిన కొసకి ఒక ఇనుప కడియం కట్టి, ఆ కడియాన్ని గాలి గొట్టానికి తొడిగి వదిలాడు. గొట్టం వెంబడే జారుకుంటూ అది నేరుగా బావ మొహం దగ్గరికి పోయింది.

ఒక్కసారి లాగి చూశాడు. జవాబు లేదు. మళ్ళీ లాగాడు. లేదు. పడవ మెల్లగా తల తిప్పుతోంది, పోటు మొదలైంది. సరంగు ఏదో అంటున్నాడు, మావయ్య వినలేదు. తాడుని రెండు చిటికెలు వేసినట్టు కదిపాడు. పైనుంచి కిందికి ఎవరూ ఎప్పుడూ పంపని సైగ అది.

కింద ఏమీ కదల్లేదు. మావయ్య కళ్ళు మూసుకుని అరచేతి మీదే దృష్టి పెట్టాడు. చాలాసేపటికి తాడు బరువెక్కింది. దున్నపోతంత బరువు, బతికున్న బరువు. మావయ్య పళ్ళ బిగువున లాగాడు. ఏడుస్తూ లాగాడు, పైకి వచ్చేదాకా ఆ మనిషిని నోటికొచ్చినట్టు తిడుతూనే లాగాడు.

బావ పడవలోకొచ్చి తొడుగు తీశాడు. అక్క పక్కన కూలబడ్డాడు. తువ్వాలు లేని మెడ తెల్లగా, ఎవరి మెడో అన్నట్టు ఉంది.

"ఎందుకు లాగావురా?" అన్నాడు.

మావయ్య తడి తాడుని చేతికి చుట్టుకుంటూ, "పిల్ల నిన్నటినుంచీ ఏమీ తినలేదు. ఇంటికెళ్ళి పొయ్యి వెలిగించాలి బావా" అన్నాడు.

బావ అప్పుడు ఏడ్చాడు. సరంగు పడవని గట్టు వైపు తిప్పాడు. తాడు ఇంకా బావ చేతికి చుట్టుకునే ఉంది. గట్టు చేరేదాకా రెండో కొస మావయ్య వదల్లేదు.