తిన్నాకే ప్రశ్నపత్రం

చిట్టీ, నువ్వు లేవని రాయడానికి కూర్చుంటే ముందు నిన్ను పిలవాలనిపించింది. అందుకే పిలిచాను.

చదివేవారికి చెప్పాలి. మా ఒక్కగానొక్క బిడ్డ ఈ వానాకాలంలో జ్వరంతో దవాఖానలో కన్నుమూసింది. హైటెక్ సిటీలో ఒక ఆఫీసు రిసెప్షన్‌లో పనిచేసేది. ఆదివారాలు మా మేడ మీద, పరీక్షలు రాసేవాళ్లకు ఇంగ్లిష్ గ్రామర్ చెప్పేది. అక్కడ చదువుకున్నవాళ్లు అక్క మీద చిన్న పుస్తకం వేస్తున్నాం, నువ్వూ రాయమ్మా అన్నారు. నేను ఏడో తరగతితో ఆగిపోయినదాన్ని. నాకు వచ్చినట్టు రాస్తున్నాను.

తెల్లాపూర్‌లో మేడ మీది రేకుల గది మాది. కిరాయిల్లు. వాన వెలిసిన పొద్దున తలుపు తీస్తే దూరాన అద్దాల టవర్లు మబ్బులో సగం మునిగి కనిపిస్తాయి. చిన్నప్పుడు బిడ్డ గోడ పట్టుకుని వాటినే చూసేది.

"అమ్మా, అవి నేల మీద నిలబడ్డయా, పైనుంచి వేలాడుతున్నయా?"

"నేల మీదనే బిడ్డా. అండ్ల ఒకటి నేనే తుడుస్త గద."

"నువ్వు తుడుస్తవనే మబ్బులు దాంట్ల ముఖం చూసుకుంటున్నయి."

ఆ మాట తలుచుకుని ఎన్నోసార్లు గుడ్డ పట్టుకున్న చెయ్యి ఆపి అద్దంలోకి చూసేదాన్ని. నిజంగానే మబ్బులు నడిచి వెళ్లేవి.

ఆ టవర్లలో కూర్చునే ఉద్యోగం రావాలంటే ముందు ఇంగ్లిష్ పరీక్ష. తింటే నిద్ర వస్తుందని మా బిడ్డ మొదటిసారి ఏమీ తినకుండా పోయింది. దేన్ని దేనితో పోల్చారో, ఎవరిని 'అతను' అన్నారో, ఎవరిని 'ఆమె' అన్నారో అడిగే ప్రశ్నలట. తల తిరిగి అక్షరాలు చేపపిల్లల్లా కదిలాయని చెప్పింది. తప్పింది. రెండోసారి జొన్నరొట్టె, పప్పు ఎదురుగా కూర్చుని తినిపించాను. గట్టెక్కింది. తర్వాత తను చెప్పడం మొదలుపెట్టినప్పుడు ఒక రూల్ పెట్టింది. మేడ మీదికి వచ్చినవాళ్లు ముందు రొట్టె తినాలి. తిన్నాకే ప్రశ్నపత్రం.

తన చదువు చెప్పే తీరు కూడా మా వంటగదిలోంచి వచ్చిందే. నేను డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విడుస్తూనే టవర్ ముచ్చట్లు మొదలుపెడతాను. "ఆమె వచ్చింది, ఆమెను తిట్టింది, ఇగ ఆమె ఏడ్చుకుంట పోయింది" అంటాను.

"ఏ ఆమె అమ్మా? తిట్టింది ఎవరు, ఏడ్చింది ఎవరు?"

"చెప్తున్న గద, ఆమె."

అలా కాదని నా చేతిలోని ఉల్లిగడ్డ లాక్కుని గట్టు మీద పెట్టేది. "గిది సూపర్‌వైజర్. గీ టమాట లిఫ్ట్ కాడుండే ఆమె. ఇప్పుడు చెప్పు, ఎవరేడ్చిన్రు?" నేను టమాటను చూపించేదాన్ని. ఇద్దరమూ నవ్వేవాళ్లం. మేడ మీద కూడా అదే పద్ధతి పెట్టింది. పిట్టగోడ మీద కూరగాయలు వరసగా నిలబెట్టి, ప్రశ్నలో 'ఆమె' వచ్చినప్పుడల్లా ఏ కాయో వెళ్లి ముట్టుకోమనేది. చదువయ్యాక వాటినే నాకిచ్చి, "సూపర్‌వైజర్‌ను సన్నగ తరుగమ్మా" అనేది.

మా టవర్ క్యాంటీన్‌లో గిన్నెలు కడిగే అమ్మాయి కూడా వచ్చేది. ఒకసారి తింటూ తింటూ, "మా క్యాంటీన్ పప్పు అమ్మ కన్నా నీళ్లగుంటదక్కా" అంది. బిడ్డ నా వైపు తిరిగి, "అమ్మా, నువ్వెప్పుడు నీళ్లయినవే?" అంది. అందరికీ పొలమారింది. "పప్పును పప్పుతోనే తూచాలె, మనిషితోని కాదు" అని అక్కడే పాఠం చెప్పింది. నేను గేటెడ్ కాలనీల పిల్లలను చూసి, వాళ్లకున్నది నీకు లేకపాయె అని నొచ్చుకుంటే నాకూ తూకమే చెప్పేది. "నిన్నటి నన్ను తెచ్చి పక్కన పెట్టి చూడమ్మా. ఫికర్ చెయ్యకు."

ఆఖరి ఆదివారం క్యాంటీన్ అమ్మాయి అడిగింది. "అందరినీ నిలబెట్టినవ్, నువ్వేడున్నవక్కా?" బిడ్డ బుట్ట వెతికి ఒక చిన్న ఉల్లిగడ్డను పిట్టగోడ చివర పెట్టింది. "నేను గిక్కడ. టవర్లు చూసుకుంట." ఆ సాయంత్రమే జ్వరంతో ఒళ్లు కాలింది. కూరగాయలు గోడ మీదే ఉండిపోయాయి.

దవాఖానలో సెలైన్ ఎక్కుతుంటే నా కొంగు పట్టుకుంది.

"అమ్మా, వాళ్ల పరీక్ష దగ్గరికొచ్చింది. ఖాళీ కడుపుతోని పంపకు."

"నువ్వే తినిపిద్దువు తియ్."

కళ్లు మూసుకునే నవ్వింది.

దినాలు అయ్యాక క్యాంటీన్ అమ్మాయి వచ్చి మెట్ల వైపు గుమ్మంలో కూర్చుంది. పరీక్ష గట్టెక్కితే ఆమెకు అదే టవర్‌లో హెల్ప్‌డెస్క్ పని వస్తుంది. ఈసారి కాకపోతే ఊరికి వచ్చెయ్యమని ఇంట్లోవాళ్లు చెప్పారు. ఆ సంగతి నాకూ తెలుసు.

"మేం రాయమమ్మా. అక్క లేకుండ ఎట్ల రాస్తం?"

బిడ్డ పోయినప్పటి నుంచి నేను పొయ్యి ముట్టించలేదు. పక్కింటివాళ్లు పెట్టిందే తిన్నాం. మేడ వైపు తలుపు కూడా తియ్యలేదు.

ఆదివారం పొద్దున చీపురు చప్పుడుకు మెలకువ వచ్చింది. బిడ్డ నాన్న సెంట్రింగ్ పనికి పోకుండా మేడ ఊడుస్తున్నాడు. ఊడ్చి చాప పరిచాడు. నన్ను చూసి, "పిండి ఉన్నదా?" అని మాత్రం అడిగాడు.

పిండి ఉంది. నీళ్లు మరగబెట్టి పిండి కలిపాను. మొదటి రొట్టె చిరిగింది. రెండోది నిలిచింది. రొట్టె వాసనకో ఏమో, మెట్ల మీద అడుగులు వినిపించాయి. పరీక్ష రాయం అన్నవాళ్లందరూ వచ్చారు. క్యాంటీన్ అమ్మాయి పళ్లెం ముందు తల వంచుకుని కూర్చుంది.

"గొంతు దిగుతలేదమ్మా."

"నీళ్లు తాగి మింగు. తినకుంటే పేపర్ ఇయ్య. మీ అక్క రూల్, నాది కాదు."

తిన్నది. ఏడుస్తూనే తిన్నది. తిన్నాక, బిడ్డ దాచి ఉంచిన ప్రశ్నపత్రాలు నేను పంచాను. వాటిలో ఏముందో నాకు తెలియదు, పంచడం మాత్రం తెలుసు. కాసేపటికి మేడ మీద గొడవ మొదలైంది. ఈ 'ఆమె' ఎవరంటే ఎవరని వాదులాడుకున్నారు. అంత గొడవ విని చాలా రోజులైంది. పొయ్యి దగ్గర కూర్చుని కళ్లు మూసుకుంటే ఆ గొంతుల మధ్య తన గొంతు కూడా ఉన్నట్టే అనిపించింది. కళ్లు తెరవకుండా చాలాసేపు విన్నాను.

పరీక్ష రోజున కూడా అందరూ ఇక్కడే తిని వెళ్లారు. ఫలితాలు ఇంకా రాలేదు. ఆదివారం తలుపు మాత్రం తెరిచే ఉంటుంది.

గోడ మీది టమాటలను పిట్టలు తినేశాయి. ఆ చివరి ఉల్లిగడ్డ మాత్రం వానకు తడిసి పచ్చగా మొలక వేసింది. దాన్ని తరగలేదు. పొద్దున మబ్బు తొలగి టవర్ల అద్దాలు మెరిసినప్పుడు ఆ మొలక అటే వంగి ఉంటుంది.

ఇది చదివిన మీరు ఎక్కడికి వెళ్తున్నా ముందు కడుపు నిండా తినండి.