ఒంటిగంటకు పది తక్కువ

ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది ఒక చిన్న జవాబు. దానికి ఇంత బరువుంటుందని అప్పుడు తెలియదని చెప్పుకోవచ్చు. కానీ మీ దగ్గర కూడా అబద్ధమాడితే ఇది రాయడం దేనికి? తెలుసు. తెలిసే చెప్పాను.

సుజాతా నేనూ లింబాయత్‌లో పక్కపక్క గల్లీల్లో పెరిగాం. ఇద్దరి నాన్నలూ తెలంగాణ నుంచి ఈ బట్టల మిల్లుల ఊరికి వలస వచ్చి, సాంచాలనే మరమగ్గాల మీద బట్ట నేసేవాళ్లు. డిగ్రీ అయ్యాక పర్వత్ పాటియాలో స్పానిష్ క్లాసులో చేరాం. ఆ భాష వస్తే బట్ట ఎగుమతి చేసే ఆఫీసుల్లో మంచి ఉద్యోగం దొరుకుతుందని ఎవరో చెప్పారు. నాకు వ్యాకరణం వచ్చేది. ఆమెకు మాట్లాడటం వచ్చేది. తప్పులు చేస్తూ, తన తప్పులకు తనే నవ్వుతూ, ఎదుటివాళ్లనూ నవ్విస్తూ గలగలా మాట్లాడేది. ఆమెకు కొరుకుడు పడనిదల్లా టైము చెప్పడమే. స్పానిష్‌లో అరగంట దాటితే రాబోయే గంట పేరు చెప్పి, అందులోంచి మిగిలిన నిమిషాలు తీసేస్తారు. ఆ తీసివేతకు వాళ్ల మాట 'మెనోస్'. మనం ఒంటిగంటకు పది తక్కువ అంటామే, అలాంటిదే.

ఊరికి అటు చివర, పెద్ద ఆఫీసులూ ఫ్లాట్లూ ఉండే ఆల్థాన్‌లో ఒక ఆఫీసు మా ఇద్దరినీ ఒకే ఉద్యోగానికి పిలిచింది. బట్ట కొనేవాళ్లే విదేశం నుంచి వీడియోలో మాట్లాడి ఎంచుకుంటారట. పరీక్షలో భాగమేమో, ఎవరి రోజూ టైమూ వాళ్లకు స్పానిష్‌లోనే ఫోన్‌కు పంపారు. ఇద్దరికీ గురువారమే. నాది ముందు. సుజాత తన ఫోన్ నా చేతికిచ్చింది. 'లా ఊనా మెనోస్ దియెస్' అని ఉంది.

"జర చూడవే. ఒంటిగంట దాటినంక పది నిమిషాలకే కదా?"

"అవునే."

"పక్కానా? ఈ టైముల కాడ్నే నాకు పరేషాన్ అయితది."

"పక్కా."

రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ చెప్పాను.

గురువారం ఒకే ఆటోలో వెళ్లాం. నా వంతు ముగించుకుని వరండా కిటికీ దగ్గరికి వచ్చాను. అప్పజెప్పినట్టు మాట్లాడానని నాకే తెలుస్తోంది. కింద చాయ్ బండి పక్కన సుజాత నిలబడి, పెదవులు కదుపుతూ జవాబులు వల్లె వేసుకుంటోంది. ఆమె టైమైంది. కిటికీ తెరిచే ఉంది. పిలిస్తే వినిపించేంత దూరం. ఆ రోజు 'అవునే' అన్నది నోరు జారడమనుకోవచ్చు, కానీ ఈ కిటికీ దగ్గర నోరు మూసుకుని, ఆమె చున్నీ సర్దుకోవడం చూస్తూ నిలబడ్డదాన్ని ఏమనాలి? అసూయా? భయమా? ఆమె మీద నాకు కోపం లేదు. ఉంటే అర్థం చేసుకోవడం సులువయ్యేది.

పైకి వచ్చేసరికి వాళ్లు వేచి చూసి కాల్ పెట్టేశారు. ముందు బల్ల దగ్గరి అమ్మాయి సుజాత ఫోన్ తీసుకుని అసలు టైము పన్నెండు యాభై అని చదివి చెప్పింది. సుజాత నావైపు తిరిగింది. ఇప్పుడు అడుగుతుందనుకున్నాను.

"పాపం, నీగ్గూడ సమజ్ కాలే గదనే" అంది.

తిరుగు దారంతా నన్నే ఓదార్చింది. ఉద్యోగం నాకొచ్చింది. ఆమె క్లాసు మానేసింది.

ఇప్పుడామె ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అతికిస్తుంది. నేను ఆల్థాన్‌లో ఉంటాను. మొన్న వెళ్తే వాళ్ల పాప గడియారం లెక్కలు పట్టుకొచ్చింది. "పెద్దమ్మనడుగు బిడ్డా, టైం చూసుడు నాకు రాదు" అని నవ్వింది సుజాత. ఊరికే అనలేదు. తనకు రాదని నమ్మే అంది. నేను తీసుకున్నది ఉద్యోగమొక్కటే అని ఇన్నాళ్లూ అనుకున్నాను.

ఆ పాపకు లెక్కలు నేర్పి వచ్చాను. సుజాతకు చెప్పలేదు. చెబుతానని మీకు మాటివ్వలేను. చెబితే ఆమె మళ్లీ నన్నే ఓదారుస్తుందేమోనని కూడా భయం. ఆమె తప్పుగా చదివింది. నాకు సరిగ్గా తెలుసు. తెలిసే అవునన్నాను. ఈ మూడు వాక్యాలూ ఇంతవరకు ఏ భాషలోనూ పైకి అనలేదు.