నవ్వు మేం వేసుకుంటాం

మా మేనత్త మొన్న పొద్దున కొవ్వూరులో, తన ఇంట్లోనే కన్నుమూసింది. టీవీ కామెడీ సీరియల్లో కళ్లు మిటకరించి నాలుక బయటపెట్టే అత్తగారంటే మీలో చాలామందికి గుర్తొస్తుంది. ఛానల్ వాళ్లు చావు కబురు చెబుతూ కూడా ఆ ముక్కే వేశారు, వెనక నవ్వుల శబ్దంతో సహా. నేను టీవీ కట్టేశాను.

అత్త పరిషత్తు నాటకాల మనిషి. పోటీలు ఎక్కడ పెడితే అక్కడికి వ్యానులో పరదాల మూటల మీద కూర్చుని వెళ్లేది. వేదిక మీద హాస్యపు మాట అనేసి ఆగేది. "ముందు వరసోళ్లు మొహమాటానికి నవ్వుతారే. మనం వెనక వరస కోసం ఆగాలి," అనేది. ఇంట్లోనూ అంతే, చమత్కారం ఆడి, పప్పుగరిట గాల్లోనే పట్టుకుని మా మొహాలు చూసేది. ఎదుటి మనిషి కోసం ఆగడం నేను ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను.

సీరియల్లో తొలిరోజు అలాగే ఆగితే డైరెక్టరు విసుక్కున్నాడట. "ఎందుకండీ ఆగుతారు? నవ్వు మేం వేసుకుంటాం. మీరు నాలుక పెట్టండి చాలు."

ఇక అదే నాలుక. పెళ్లికెళ్లినా, పెనుగొండ గుళ్లో వరసలో నిలబడినా, "ఒక్కసారి పెట్టండి మేడం," అంటూ ఫోన్లెత్తేవారు. పెట్టేది. ఇంటికొచ్చి నోరు పుక్కిలించి ఉమ్మేసేది.

"ఛీ, ఎంగిలి బతుకైపోయిందే. నేను పోయాకైనా నోరు మూసుకుని ఉన్న ఫొటో పెట్టు," అంది నాతో.

మొన్న మధ్యాహ్నానికల్లా గుమ్మం ముందు శ్రద్ధాంజలి ఫ్లెక్సీ లేచింది. అవే కళ్లు, అదే నాలుక. పక్కన ఆవిడకంటే పెద్దగా మా పేట నాయకుడు దణ్ణం పెడుతున్నాడు. ఆయన పరామర్శకొస్తే, తీయించమని అడిగాను.

"ఆ ఫొటో అయితేనే జనం గుర్తుపడతారండి. మీకు తెలీదు," అన్నాడు.

అంత అసహ్యం నాకు ఎవరి మీదా పుట్టలేదు. వంటింట్లోంచి చాకు తెచ్చి తాళ్లు నేనే కోసేశాను. అక్కడ కుర్చీ వేసి అత్త మామూలు ఫొటో పెట్టాను. నేత చీర, చిన్న బొట్టు, మూసిన పెదాలు.

సాయంత్రం దహనం అయిపోయాక తాళ్లపూడి నుంచి ఆటోలో ముగ్గురు ఆడవాళ్లు చామంతి దండ తీసుకొచ్చారు. ఏడ్చి ఏడ్చి కళ్లు ఎర్రబడి ఉన్నాయి. కుర్చీ ముందు ఆగి, ఫొటోను ఓసారి చూసి, లోపలికి తొంగి చూశారు.

"ఈవిడెవరండీ? మేడంగారి ఫొటో ఎక్కడ పెట్టారు?" అని అడిగింది పెద్దావిడ. దండను రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, ఎవరికి వెయ్యాలో తెలియక, అత్త ముందే నిలబడి ఉంది.