ఇత్తడి మైనపు చుక్క

మా దీవి చర్చిలో బల్ల మీద రెండు ఇత్తడి పూలకూజాలు ఉండేవి. భర్త పోయిన ఏడాది ఆయన పేరున వాటిని ఇచ్చింది టీచరమ్మ. విశాఖపట్నం నుంచి ఓడలో ఒళ్లో పెట్టుకుని తెచ్చిందట. ఆవిడ ఇక్కడి ప్రభుత్వ బడిలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. యాభై రెండేళ్ల వయసులో నాకు అక్షరాలు దిద్దించింది కూడా ఆవిడే. ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ బయట టీ తాగుతుంటే మేమిద్దరం పాఠానికి వెనక బెంచీలో కూర్చునేవాళ్లం. ఆవిడ ముందు నేను ఇప్పటికీ చేతులు కట్టుకునే నిలబడతాను.

ఆ కూజాల్లో ఒకదాన్ని సముద్రంలో పోగొట్టింది నేనే.

ఇక్కడి ఉప్పుగాలికి ఇత్తడి వారానికే నల్లబడుతుంది. అందుకని శనివారం శనివారం ఆడవాళ్లం వంతులేసుకుని కూజాలు తోముతాం. అప్పుడు టీచరమ్మ కంటి ఆపరేషన్ చేయించుకోవడానికి విశాఖ వెళ్లి ఉంది. రెండు కళ్లలోనూ శుక్లాలు. ఇంకో పది రోజుల్లో ఓడ దిగుతుందని కబురు వచ్చింది. ఆ వారం వంతు నాది.

మిగతావాళ్లు చింతపండు రుద్ది కడిగేస్తారు. నాకు అది ఆనదు. మా అమ్మ ఒడ్డున తడి ఇసుకతో బిందెలు తోమితే ఎండలో కళ్లు చెదిరేవి. ఆ పట్టుదలతో కూజాలు రెండూ సంచిలో వేసుకుని, బ్రూక్షాబాద్‌లో మా ఇంటికి దిగువన ఉన్న ఒడ్డుకి వెళ్లాను. ఒకటి సంచిలోనే ఉంచి రెండోది తోముతున్నాను. అంతలో ఓడ కూసింది. ఈ దీవుల్లో ముప్పై ఏళ్ల నుంచి ఉంటున్నా, ఓడ కూస్తే తల తిప్పకుండా ఉండలేను. నేనున్న చోటి నుంచి ఓడలో ఎవరొచ్చారో కనపడదు. అయినా చూశాను. మళ్లీ ఇటు తిరిగేసరికి నా చేతిలో కొబ్బరి పీచు ఉంది, కూజా లేదు.

గుండెల లోతు దాకా దిగి కాళ్లతో వెతికాను. ఒక చెప్పు దొరికింది. అది కూడా నాది కాదు.

మా కోడలు ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు గడగడా మాట్లాడుతుంది కానీ చదవలేదు. హిందీ, ఇంగ్లీషు చదువుతుంది. ఇంటి వెనక రేకుల షెడ్డులో టూరిస్టులు కొనే తాబేళ్లు, డాల్ఫిన్లు చేస్తుంది. రెజిన్ అని తేనెలాంటి ద్రవం ఒకటి ఉంటుంది. అందులో రాగి పొడి కలిపి రబ్బరు అచ్చులో పోస్తే, పొయ్యి అక్కర్లేకుండానే గట్టిపడుతుంది. చూసినవాళ్లు రాగిబొమ్మే అనుకుంటారు.

నేను నీళ్లు కారుతూ షెడ్డు ముందు నిలబడ్డాను.

"ఏంటి అత్తయ్యా, చీరతోనే స్విమ్మింగ్ చేశారా?"

"కూజా పోనాదే."

"కౌన్ సా కూజా?"

"టీచరమ్మది."

కోడలు చేతిలో బ్రష్ కింద పెట్టేసింది. "బాప్‌రే! రెండూ గయా?"

"ఒకటి ఉంది."

"ఒకటి ఉంది కదా, తో ఫికర్ మత్ కరో. దానికి జోడీ నేను పుట్టిస్తా."

"అది దొంగతనం కాదేటి?"

"చోరీ సముద్రం చేసింది అత్తయ్యా. మనం వాపస్ ఇస్తున్నాం, అంతే."

ఆ మాట నాకు చాలా సబబుగా వినిపించింది. పాస్టరుగారితో, "టీచరమ్మ వచ్చేసరికి కూజాలు బాగా మెరవాలండి, అందాకా నా దగ్గరే ఉంచుకుంటాను" అన్నాను. ఆయన నా భక్తికి సంతోషించాడు. ఆ ఆదివారం పూలు హార్లిక్స్ సీసాల్లో పెట్టాం.

కోడలు డబ్బాల మీద ఉన్నది చదివి చెబుతుంటే, ఎంతకెంత కలపాలో నేను తెలుగులో రాసుకున్నాను. కూజా ఒంటి నిండా గులాబీరంగు సిలికాన్ రబ్బరు రెండు సార్లు పూసింది. చలిదేశంలో పిల్లకి స్వెట్టరు తొడిగినట్టుంది. పైన ప్లాస్టరు కట్టింది. ఉన్న ఒక్కటీ అందులో ఇరుక్కుపోతే మేమిద్దరం ఏ ఓడెక్కి పారిపోవాలా అని నేను ఆలోచిస్తున్నాను. మర్నాడు బ్లేడుతో రబ్బరు కోసి ఒలిస్తే కూజా క్షేమంగా బయటికి వచ్చింది.

"అచ్చు చూడండి అత్తయ్యా, ఎంత క్లియర్‌గా వచ్చిందో! వేలిముద్ర ఉన్నా దిగిపోతుంది" అంది కోడలు.

ఆ మాటకి గర్వపడ్డాను. భయపడాల్సింది.

తర్వాత ఇత్తడి పొడి తీసింది. పసుపు, బంగారం కలిపి తిరగలిలో విసిరినట్టుంది. ముక్కు దగ్గర పెట్టి వాసన చూడబోతే కోడలు నా చేయి లాగేసి మాస్కు కట్టింది. పొడిని రెజిన్‌లో దోసెల పిండిలా కలిపి అచ్చు లోపలంతా పూసింది. అది గట్టిపడ్డాక లోపలివైపు చాక్ పొడి కలిపిన రెజిన్ దట్టించింది. బరువు చాలదని అడుగున మా ఆయన వలకి కట్టే సీసం గుళ్లు వేశాం. అవి ఏమయ్యాయని ఆయన రెండు రోజులు పిల్లిని అనుమానించాడు.

వాన ముసురు వల్ల రెజిన్ పనసజిగురులా అంటుకుంటూ ఓ పట్టాన ఆరలేదు. పక్కన బల్బు వెలిగించి, కోడిపిల్లని కాచినట్టు కాచాం. చివరికి అచ్చు విప్పితే బయటికి వచ్చింది ఎండిన పేడరంగు కూజా. నా ప్రాణం ఉసూరుమంది.

"ఇది ఇత్తడేటే?"

"ఇత్తడి లోపల ఉంది అత్తయ్యా. మీద రెజిన్ పొర కప్పేసింది. ఇదిగో సన్న స్టీలు పీచు. తోమాలి."

"తోమడమా? ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదా!"

నలభై ఏళ్లు అంట్లు తోమిన చేయి నాది. పది నిమిషాల్లో అంచు తళుక్కుమంది. గంటలో కూజా మొత్తం ఇత్తడైంది. నల్లబడకుండా కోడలు దాని మీద వార్నిష్ పూసింది. అసలుదాన్ని నేను చింతపండుతో తోమాను. రెండూ పక్కపక్కన పెడితే ఏది అసలో చెప్పడానికి నేనే ఎత్తి చూడాల్సి వచ్చింది.

టీచరమ్మ కళ్లు బాగుపడాలని చర్చి అంతా ప్రార్థన చేసింది. నేనూ చేశాను. కూజా పోయిన తర్వాత మాత్రం ఆ ప్రార్థనలో నా గొంతు కొంచెం తగ్గింది.

ప్రార్థన ఫలించింది. ఆవిడ కొత్త కళ్లతో చర్చిలో అడుగుపెట్టి, ముందు ఫ్యాను మీది బూజు చూసింది. "పాస్టరుగారూ, మీ తలంతా ఎప్పుడు నెరిసిపోయిందండీ?" అని జాలిపడింది. తర్వాత నేరుగా కూజాల దగ్గరికి వెళ్లింది.

"ఎవరమ్మా తోమింది? అద్దాల్లా ఉన్నాయి" అంది. అందరూ నన్ను చూపించారు. కోడలు వెనక బెంచీ నుంచి నాకు కన్నుగీటింది.

"ఇక్కడ మైనం అలాగే వదిలేశావే" అంది టీచరమ్మ. కుడివైపు కూజా మెడ కింద, ఆకుల నగిషీ సందులో, క్రిస్మస్ కొవ్వొత్తి చుక్క ఒకటి ఉంది. ఆవిడ గోటితో గోకితే ఊడిపోయింది. ఎడమవైపు కూజాకీ సరిగ్గా అక్కడే, అంతే చుక్క, అదే తోక. దాన్నీ గోకింది. రాలేదు. పక్కపిన్ను తీసి గోకింది. రాలేదు.

"ఇదేమిటే, ఈ మైనం కూడా మెరుస్తోంది!"

శుక్లాలు లేని నా కళ్లకి ఆ చుక్క అంతవరకూ కనపడనే లేదు. అచ్చు మాత్రం చూసింది.

ఆడవాళ్లందరూ మూగారు. ఒకామె వేడినీళ్లంది, ఒకామె కిరసనాయిలంది. మా పక్కింటామె, "నాకిచ్చెయ్యండి టీచరమ్మా, చాకుతో తీసేత్తాను" అంటూ వంటగదిలోకి పరిగెత్తింది. చాకు పడితే ఇత్తడి పొర కింద తెల్లటి చాక్ బయటపడుతుంది. వెనక్కి చూస్తే మా కోడలు ఫోనులో తల దూర్చేసింది.

"ఆగండి! అది రాదు" అన్నాను.

"ఎందుకు రాదు?"

"అది మైనం కాదు టీచరమ్మా. మైనం బొమ్మ."

చెప్పేశాను. ఇసుక, ఓడ, రబ్బరు, సీసం గుళ్లు, అన్నీ. సీసం గుళ్ల దగ్గర మా ఆయన "ఓహో!" అన్నాడు.

టీచరమ్మ అసలు కూజా మీద వేలితో కొట్టింది. ఖంగుమంది. నా కూజా మీద కొట్టింది. టక్కుమంది. ఆ క్షణం ఆవిడ ఇక నాకు పాఠం చెప్పదనే అనుకున్నాను.

"ఆయన పేరున ఇచ్చింది సముద్రానికి ఇచ్చేశావన్నమాట" అంది. నాకు ఏడుపు ఆగలేదు. "ఏడవకు. ఎలా పోయిందో రాసి తీసుకురా. నోటితో అయితే నువ్వు తెలివిగా చెప్పేస్తావు. కాగితం మీద దొరికిపోతావు."

రెండు పేజీలు రాసి తీసుకెళ్లాను. అందులో ఒక పేజీ నిండా కూజాని లాక్కుపోయిన అలే ఉంది. టీచరమ్మ ఎర్రపెన్నుతో దాన్ని అడ్డంగా కొట్టేసి, "అల అంత పెద్దదా? కూజాని ఇసుకలో పెట్టి చేతులు దులుపుకుంది ఎవరు?" అంది. మళ్లీ రాశాను. 'కూజాని కింద పెట్టింది నేను. ఓడని చూడాలనిపించి పెట్టాను' అన్న చోట టిక్కు పెట్టింది. పెట్టాక కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "ఆయనా అంతే. ఓడ కూస్తే అన్నం దగ్గర నుంచి లేచిపోయేవారు" అంది. వచ్చే ఆదివారం పుస్తకం తెచ్చుకోమంది.

ఇంట్లో మా కోడలు, "నా గురించి ఏం రాశారు? పఢ్‌కే సునాయియే" అని వెంటపడింది. చదివి వినిపించాను, కొన్ని చోట్ల దాటేసి.

నేను చేసిన కూజాని టీచరమ్మ బల్ల మీదే ఉంచమంది. దాన్ని ఎవరూ తోమకూడదు. దాని జత తోమే వంతు మాత్రం ఇక ఎప్పటికీ నాదే, అదీ పంపు దగ్గరే. కొత్తగా చర్చికి వచ్చినవాళ్లు ఎవరో ఒకరు పూలు సర్దుతూ ఆ చుక్కని చూస్తారు. గోటితో గోకుతారు. నేను నోరు తెరవబోతే, పక్కనున్న టీచరమ్మ మోచేత్తో పొడుస్తుంది. మేమిద్దరం పాటల పుస్తకం అడ్డం పెట్టుకుని చూస్తూ ఉంటాం.