పొదిగే పెట్టె చల్లారినప్పుడు

పొద్దున్నే కాఫీ కంటే ముందు కోళ్ళక్క పొదిగే పెట్టెలోంచి ఒక గుడ్డు తీసి, మూసిన కంటిరెప్పకు ఆనించి చూస్తుంది. పెట్టెకు థర్మామీటరు లేకపోలేదు. అయినా రెప్పకు తెలిసే వెచ్చదనం మీదే ఆమెకు గురి.

ఆ గుడ్లు ఆమెవి కావు. చుట్టుపక్కలవాళ్ళు తెచ్చిస్తే పొదిగించి పిల్లల్ని అప్పజెబుతుంది. కిందటి విడతలో సగానికి పైగా మురిగిపోయాయి. ఈసారీ పోతే ఇక తన చేతికి గుడ్డు ఇచ్చేవాళ్ళుండరని ఆమె బెంగ.

తుఫాను కరెంటు స్తంభాలను పడగొట్టిన నాటికి పెట్టెలో నూట ఇరవై గుడ్లున్నాయి. అది పన్నెండో రోజు. ఇంకా తొమ్మిది రోజులు వాటిని వెచ్చగా కాపాడాలి. లైన్‌మన్ "రేపో ఎల్లుండో" అన్నాడు. ఆ ఎల్లుండి ఆరో రోజుకు గాని రాలేదు.

లోపల వేడినీళ్ళ సీసాలు పేర్చి, పైన దుప్పట్లు కప్పింది. బస్సులు ఆగి ఇంట్లోనే ఉన్న కండక్టరు మొగుడు పావుగంటకోసారి తలుపు తీసి తొంగిచూశాడు.

"మళ్ళీ తీశారా?"

"వేడి ఉందో లేదో చూడొద్దా?"

"మీరు చూసినప్పుడల్లా ఉన్న కాస్తా పోతోంది. బస్సు తలుపనుకున్నారా, స్టాపుకోసారి తెరవడానికి?"

మర్నాడు పొద్దున రెప్పకు గుడ్డు చల్లగా తగిలింది. అంత పెద్ద పెట్టెకు సీసాల వేడి చాలదని అర్థమైంది. చిన్న థర్మోకోల్ డబ్బాలో అయితే నిలుస్తుంది. కాని అందులో నలభైయే పడతాయి. టార్చి వెలుగుకు ఒక్కో గుడ్డూ పట్టి చూసింది. ఎర్రటి సన్నని నరాలు, మధ్యలో కదిలే నలుసు. దాదాపు అన్నీ బతికే ఉన్నాయి. ఏరడానికి ఆమెకు చెయ్యి రాలేదు.

"మీరే తియ్యండి," అంది.

ఆయన కళ్ళు మూసుకుని చేతికందిన నలభై డబ్బాలో సర్దాడు. తర్వాత తన టిక్కెట్ల సంచీలో తువ్వాలు పరిచి, ఇంకో తొమ్మిది పెట్టి, చొక్కా లోపల పొట్టకు కట్టుకున్నాడు.

పక్కింటావిడ చూసి, "ఎన్నో నెల అన్నయ్యా?" అంది.

"పదమూడో రోజమ్మా. నవ్వించకు, కదులుతాయి."

మిగిలిన డెబ్బై ఒక్కటీ చల్లారిన పెట్టెలోనే ఉండిపోయాయి. డబ్బాలోవి ముప్పై ఒకటి, సంచీలోవి మూడు పిల్లలయ్యాయి. గుడ్ల మీది పెన్సిలు గుర్తులు చూసుకుని, ఎవరివి ఎన్ని పోయాయో కోళ్ళక్క ఇంటింటికీ వెళ్ళి తనే చెప్పింది. ఇద్దరు మొహం ముడుచుకున్నారు. ఒకావిడ మాత్రం, "వచ్చేవారం ఇంకో డజను తెస్తాలే," అంది.

ఆ పెట్టెలో నూట ఇరవై పడతాయి. ఇప్పటికీ కోళ్ళక్క నలభైయే పెడుతుంది.