పదో బిళ్ళ

నా చిన్నప్పుడు పోయిన పిప్పరమెంటు బిళ్ళలు మొత్తం ఇరవై మూడు. పచ్చ కాగితంవి పన్నెండు, పసుపు కాగితంవి ఏడు, తెల్ల కాగితంవి నాలుగు. తీసింది నేనే. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. చదువు ఏడో తరగతితో ఆగిపోయింది గానీ, ఈ లెక్క మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారీ తప్పలేదు.

మాది నంద్యాల. మా తాతయ్య శనివారం శనివారం ఆ బిళ్ళల ప్యాకెట్లు సంచిలో వేసుకుని, బస్సులో ఆళ్లగడ్డకు పోయి అంగళ్లకు వేసి వచ్చేవాడు. ప్యాకెట్‌కు పది బిళ్ళలు, రెండు చివర్లా మెలిపెట్టిన కాగితం. దాని మీద కంపెనీ పేరు ఉండేది, కానీ ఎవరూ పేరుతో అడిగేవాళ్లు కాదు. పచ్చది ఇయ్యి, పసుపుది ఇయ్యి అనేవాళ్లు. పచ్చది పుదీనా, నోట్లో వేసుకుని గాలి పీలిస్తే ముక్కు దాకా చల్లబడేది. పసుపుది నిమ్మ, మొదట పులుపు, చివర్లో చిన్న చేదు. తెల్లది సోంపు, పెళ్లి భోజనం చేసి లేచినట్టు ఉండేది.

ఆళ్లగడ్డ బస్టాండు పక్కన ఒక అవ్వ బంకు నడిపేది. వారానికి అయిదు ప్యాకెట్లు తీసుకునేది. తక్కిన అంగళ్లవాళ్లు ప్యాకెట్లు విప్పి చూసుకునేవాళ్లు. అవ్వ మాత్రం చూడకుండా సీసాలో పోసేసేది. నమ్మిన మనిషి తెచ్చిన సరుకును ఆయన ముందర లెక్కపెడితే ఆ మనిషిని తక్కువ చేసినట్టని ఆమె పట్టింపు. తాతయ్య ఈ మాట ఇంట్లో గొప్పగా చెప్పుకునేవాడు. అది విన్నాకే నా చెయ్యి ఆమెకు పోయే అయిదు ప్యాకెట్ల మీదకు పోయింది. ప్యాకెట్‌కు ఒకటి తీసి, కాగితం మళ్లీ బిగించి మెలిపెట్టేదాన్ని. ఒక వారం జ్వరం వచ్చి మూడింటితో సరిపెట్టుకున్నాను.

అయిదో శనివారం తాతయ్య నన్ను కూడా బస్సెక్కించాడు. దారి పొడవునా ఆ బిళ్ళ కథే చెప్పాడు. మొదట్లో అది మందుల షాపులో అమ్మే బిళ్ళంట, కడుపుబ్బరానికి. బస్సుల్లో కడుపు తిప్పే వాళ్లు చప్పరించడం మొదలుపెట్టాక బంకుల్లోకి వచ్చిందంట. తర్వాత బీడీ వాసన ఇంట్లో తెలియకూడదనుకునే మగవాళ్లు అలవాటు పడ్డారంట. అప్పుడు పుదీనా ఒక్కటే. నిమ్మ, సోంపు తర్వాత వచ్చాయి. చివరికి ఒక ప్యాకెట్ తీసి నా చేతిలో పెట్టి, "ఫ్యాక్టరీలో మెలి కుడిపక్కకు తిప్పుతారు పాపా" అన్నాడు. నేను తిప్పింది ఎడమకు. తాతయ్య కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

అవ్వకు అక్షరాలు రావు. బిళ్ళ అమ్మినప్పుడల్లా ఒక చింతగింజ చిప్పలో వేసేది. తొమ్మిది అమ్మితే ప్యాకెట్‌కు పెట్టిన డబ్బు వస్తుంది, పదోదే ఆమెది. ఆ రోజు గింజలు వేసే పని తాతయ్య నాకు ఇప్పించాడు. అహోబిలం పోయే జనం ఎక్కువగా ఉండి మధ్యాహ్నానికే సీసా ఖాళీ అయింది. అవ్వ గింజలు నేల మీద పోసి, అయిదేసి చొప్పున జరిపింది. నలభై అయిదు.

"మళ్లీ అయిదు తక్కువొచ్చెనన్నా" అంది తాతయ్యతో. "పాప కూచున్నా గూడా అంతే. యాడనో ఉత్తగా ఇచ్చేస్తాండా. మతి పోతాండాది నాకు. బంకు మూసి డోన్‌కు వచ్చేయమని కొడుకు పోరు పెడతాండాడు. వచ్చే నెల పోతా."

తాతయ్య నా వైపు కూడా చూడలేదు. అవ్వ ఖాళీ సీసాను కొంగుతో తుడుస్తూ ఉంది. ఇల్లు వదిలి పోయే ముందు సామాను తుడిచినట్టు తుడుస్తూ ఉంది.

"అవ్వా, నీ లెక్క తప్పలా. నేనే తీసినా."

"ఎన్ని?"

"ఇరవై మూడు."

ఆమె తిట్టలేదు. వేళ్లు మడవడం మొదలుపెట్టింది. "అయిదు, అయిదు, అయిదు, ఒగ వారం మూడు, ఈ పొద్దు అయిదు." తర్వాత మోకాలి మీద చరుచుకుంది. "ఇరవై మూడే! నా బుర్ర సరిగ్గానే ఉందన్నో! ఏమ్మే దొంగదానా, నెల దినాల నుంచి నిద్ర లేకుండా చేస్తివి కదే నన్ను!" నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

తాతయ్య అప్పటికప్పుడు బిళ్ళలు ఇవ్వబోతే అవ్వ ఒప్పుకోలేదు. తాతయ్య నాకు వారానికి ఒక బిళ్ళ ఇచ్చేవాడు. అది నేను తినకుండా తెచ్చి ఆమెకు ఇవ్వాలంది. ఇరవై శనివారాలు, తీసిన రంగుల లెక్క ప్రకారమే తెచ్చి ఇచ్చాను. ఇరవై ఒకటోది ఇవ్వబోతే నా పిడికిలి మూసేసింది.

"అంతా తీరిపోతే నువ్వు ఈడికి ఎందుకొస్తావ్? మూడు ఉండనీ."

అవ్వ డోన్‌కు పోలేదు. ఇంకా ఆరేళ్లు ఆ బంకులోనే కూర్చుంది. వెళ్లినప్పుడల్లా నేను చెయ్యి చాపేదాన్ని, ఆమె మూసేసేది. ఆరో ఏటి చివర ఒక శనివారం వెళ్లేసరికి బంకు తలుపు వేసి ఉంది. ఆమె పోయి అప్పటికి నాలుగు రోజులు.

ఇప్పుడు ఆ బిళ్ళలు ప్లాస్టిక్ డబ్బాలో వస్తున్నాయి. మెలి లేదు. పుచ్చకాయ, స్ట్రాబెర్రీ రుచులు కూడా పెట్టారు. సోంపుది మానేశారు. ఎవరైనా పెద్దవాళ్లు నా ముందర లెక్క తప్పి, "వయసు మీద పడింది" అని తమను తాము తిట్టుకుంటే, నేను ముందు నా చేతులు చూసుకుంటాను. తర్వాతే వాళ్ల లెక్క.

అవ్వకు నేను ఇంకా ఇవ్వాల్సినవి మూడు. రెండు పచ్చవి, ఒకటి పసుపుది.