శారమ్మ గుడ్డు

యాకోబుకి మనిషి కనిపించినా మేక కనిపించినా ముందు తెలియాల్సింది ఒక్కటే: పుట్టినప్పుడు అమ్మానాన్నల వయసెంత? పేరూ ఊరూ ఆ తర్వాత. కౌకూర్ చర్చికి కొత్త పాస్టరుగారు వచ్చిన రోజు అందరూ దండలు వేస్తుంటే ఈయన మాత్రం ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"అయ్యగారూ, మీరు పుట్టినప్పుడు మీ నాయినకు ఎన్నేండ్లు?"

"నలభై ఆరు" అన్నారు పాస్టరుగారు బిక్కమొహం వేసి.

"మస్తు. ఇగ మన సంఘానికి ఢోకా లేదు" అని యాకోబు హాయిగా వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

దీనికంతటికీ మూలం పావురాలు. యాకోబు కరెంటు లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. స్తంభాలెక్కడం మానేశాక మేడెక్కి పందెం పావురాలు పెంచడం మొదలుపెట్టాడు. తల్లిదండ్రులు ఎంత ముసలివైతే పిల్లలు అంత గట్టిగా ఎగురుతాయని ఆయన సిద్ధాంతం. ఆయన మేడ మీద, బైబిల్లో ముసలితనంలో కొడుకుని కన్న దంపతుల పేర్లతో, పన్నెండేళ్ల పోతు అబ్రాహాము, పదకొండేళ్ల పెంటి శారా ఉండేవి. వాటి కొడుకే ఇస్సాకని చెప్పేవాడు. ఆ ఇస్సాకుని ఆదిలాబాదులో పొద్దున్న ఆరింటికి వదిలితే పది కొట్టకముందే కౌకూర్‌లో వాలేది. మూడేళ్లు వరసగా కప్పు దానిదే.

ఆ మూడేళ్లూ రెండో స్థానం బహదూర్‌పల్లి కాలనీలో ఉండే కృష్ణారావుది. పాతికమందిలో ఆఖరున వచ్చినా ఆయనకి అంత మంట ఉండేది కాదు.

కృష్ణారావుది భీమవరం. దుండిగల్ దగ్గర ఇంజినీరింగ్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. పావురాలకి రెండు నుంచి నాలుగేళ్ల వయసులోనే మంచి సంతానమని బోలెడంత చదివి, గ్రాఫు గీసి గూళ్ల పక్కన గోడకి అంటించాడు. గ్రాఫులో తప్పు లేదు. ఇస్సాకు మాత్రం దాన్ని పట్టించుకునేది కాదు.

మొదటిసారి ఓడిపోయిన రోజు యాకోబు ఆయన పక్కన కూర్చుని జాలిగా అడిగాడు.

"సారు, మీరు పుట్టినప్పుడు మీ నాయినకు ఎన్నేండ్లు?"

"పంతొమ్మిది."

"పంతొమ్మిదా!" యాకోబు టీ గ్లాసు కింద పెట్టేశాడు. "అయ్యో. ఏం జేస్తం సారు, మన చేతుల ఉంటదా! అయినా గీడిదాక వచ్చిన్రంటే గొప్పే."

ఆ మాట కృష్ణారావు కడుపులో నిప్పులు పోసింది. అది మొదలు యాకోబు ఏం చేసినా ఓర్వలేకపోయాడు. ఆయన స్కూటరు ఒక్క తన్నుకే స్టార్టయితే ఏడుపు. ఆయన జుట్టు ఇంకా నల్లగా ఉంటే ఏడుపు. "నిన్న యాకోబుగారి భార్య రాహేలు కనబడింది, భలే సన్నబడింది" అని భార్య శేషారత్నం అంటే ఆ పూట అన్నం సయించలేదు.

"ఆ గెలుపు వయసు వల్ల కాదే. అక్కడేదో రహస్యం ఉంది" అనేవాడు.

"ఉంటే వెళ్లి అడగండి."

"అడుగుతానా! నేనా!"

అడిగే అవసరం లేకుండానే దారి దొరికింది. యాకోబుకి కంటిలో పొర వచ్చి ఆపరేషన్ అన్నారు. అక్కడా ఆయన ఊరుకోలేదు. డాక్టరమ్మని పట్టుకుని మామూలు ప్రశ్న వేశాడు. ఆవిడ నవ్వి, "మా నాన్నకి ఇరవై రెండండీ" అంది. "అమ్మా, ఏమనుకోకు గని, ఇంకో డాక్టరు లేరా?" అన్నాడట. రాహేలు నెత్తిన ఒక్కటిచ్చి పడుకోబెట్టింది.

ఆస్పత్రిలో ఉండే మూడు రోజులూ పావురాలకి మేత వేయమని యాకోబు అడిగింది కృష్ణారావునే. "సారు, మీరైతే నమ్మకం" అని తాళంచెవి చేతిలో పెట్టాడు.

నమ్మకస్తుడు తాళం తీసి, మేత వేసి, నీళ్లు మార్చి, శారా గూటి ముందు నిలబడ్డాడు. ముసల్ది గుడ్లు పొదుగుతోంది. రహస్యం వయసులో కాదు, ఈ రక్తంలోనే ఉందనుకున్నాడు. నెమ్మదిగా చెయ్యి పెట్టి ఒక గుడ్డు తీశాడు. జీవితంలో ఒక్క పరీక్షలోనూ కాపీ కొట్టని మనిషి, గుడ్డుని దూదిలో చుట్టి, చొక్కా జేబులో పెట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా ఊపిరి బిగబట్టి, షేర్ ఆటోలో బహదూర్‌పల్లి చేరాడు. తన పెంటి కింద పెట్టి, "ఇక చూడవే, వచ్చే ఏడు కప్పు మనదే" అన్నాడు భార్యతో.

పద్దెనిమిది రోజులకి పిల్ల రావాలి. రాలేదు. ఇరవై అయ్యాయి. పాతికైంది. పెంటి విసుగెత్తి లేచిపోయింది. కృష్ణారావు గుడ్డుని గట్టుకేసి కొట్టాడు. టక్కుమంది. మళ్లీ కొట్టాడు. గట్టు పెచ్చు ఊడింది.

అది కట్టె గుడ్డు. నున్నగా చెక్కి, తెల్ల రంగు వేసిన కట్టె!

కృష్ణారావుకి మూడేళ్లలో అంత ఆనందం ఎప్పుడూ కలగలేదు. దొంగ సిద్ధాంతం! ముసలిదానికి గుడ్లే లేవు! చెప్పులైనా సరిగ్గా తొడుక్కోకుండా కౌకూర్ వెళ్లాడు.

యాకోబు నల్లద్దాలు పెట్టుకుని మేడ మీద మేత చెరుగుతున్నాడు. "ఏమిటయ్యా ఇది?" అని కృష్ణారావు గుడ్డు ముందు పెట్టాడు.

యాకోబు దాన్ని తడిమి, "నేనే చెక్కిన" అన్నాడు తాపీగా. "శారమ్మ గుడ్లు పెట్టుడు బంద్ జేసి మూడేండ్లాయె. ఉత్త గూట్ల పరేషానయితాంది. ఇవి పెడితె సల్లగ కూసుంటది."

"మరి ఇస్సాకు?"

"అది గా మూల జంటకు పుట్టింది. గప్పుడు వాటికి రెండేండ్లే. మీ గ్రాఫు కరెక్టే సారు. రోజూ పొద్దుగాల తూప్రాన్ దాక స్కూటరు మీద తీస్కపోయి వదుల్త. గందుకే గెలుస్తాంది."

"మరి లోకమంతా ముసలివి ముసలివని ఎందుకు చాటుతున్నావు?"

యాకోబు చేట పక్కన పెట్టాడు. "మనోళ్లు ఏడేండ్లు దాటంగనే కోసుకతినేటోళ్లు సారు. పాపం, ఉంచుండ్రి అని చెప్పిన. ఎవడిన్నడు? కప్పు గెలుస్తరని చెప్పిన. ఇగ ఒక్కడు కోస్తలేడు. మనుషులను గూడ అడిగితెనే గా మాట నమ్ముతరని అందర్నీ అడుగుతున్న." మళ్లీ చేట అందుకుని, "అవును సారు, గీ గుడ్డు మీ తానకు ఎట్ల వచ్చింది?" అన్నాడు.

కృష్ణారావు మెట్ల వైపు చూశాడు. "ఎండ ముదురుతోంది. వస్తాను" అన్నాడు.

ఆ ఆదివారం శామీర్‌పేటలో పావురాలవాళ్లంతా కలిశారు. ఇస్తారి అనే ఆయన ఎనిమిదేళ్ల పెంటిని బుట్టలో పెట్టుకుని వచ్చాడు. "గుడ్లు పెడ్తలేదు. సాయంత్రం చుట్టాలొస్తున్నరు, కూర జేసేస్త" అన్నాడు. యాకోబు నోరు తెరిచేలోపే ఇస్తారి కృష్ణారావు వైపు తిరిగాడు. "సారు, మీరు చదువుకున్నోళ్లు. ఆయన గూళ్లు చూసిన్రు. ముసలి పావురాల ముచ్చట నిజమేనా?"

అందరూ ఆగి చూశారు. మూడేళ్లుగా కృష్ణారావు ఎదురుచూసిన నిమిషం అది. గొంతు సవరించుకున్నాడు. యాకోబు నల్లద్దాలు తీసి, నేల చూపులు చూస్తున్నాడు.

"నిజం" అన్నాడు కృష్ణారావు. "కళ్లారా చూశాను. ఎనిమిదేళ్లంటే పడుచుదయ్యా! మధ్యలో మూడు నాలుగేళ్లు గుడ్లు ఆపుతాయి, అది విశ్రాంతి. దాని మీద గ్రాఫు కూడా ఉంది."

"గ్రాఫున్నదా!" ఇస్తారి బుట్ట మూత గబగబా బిగించాడు. ఇంకో ఇద్దరు దగ్గరకి జరిగారు. "సారు, మా పోతు తొమ్మిదేండ్లది, దాన్ని ఉంచాలా?" "మరి పదేండ్లదయితె?" కృష్ణారావు కుర్చీ లాక్కుని, కాలు మీద కాలు వేసుకుని, ఒక్కొక్కరికీ ఓపిగ్గా అబద్ధాలు చెప్పాడు.

ఆ పూట యాకోబు దగ్గర ఒక్కరూ లేరు. కృష్ణారావుకి ఆ సంగతి మహా హాయిగా ఉంది.